ఆరని పొయ్యి

"ఒక్క నిప్పుకణిక కూడా లేదు," అంది నోరీన్, పొయ్యిలోంచి తల బయటికి తీయకుండానే. "బూడిదంతా తడిసి ముద్దయింది. రాత్రి నివురు కప్పావా, లేదా?"

"కప్పకుండా ఎలా పడుకుంటాను?" అన్నాడు ఆమె మొగుడు విల్ఫ్. "పొగగొట్టంలోంచి వాన పడిందేమో."

"ఏ వాన? రాత్రంతా ఆకాశం నిండా చుక్కలే."

యార్క్‌షైర్ మెట్టల మీద, గాలికి గొర్రెలు కూడా గోడ చాటు వెతుక్కునే చోట ఉంది 'నల్ల పొట్టేలు' హోటల్. అక్కడికి జనం వచ్చేది గదులు చూసి కాదు. గదుల్లో నేల ఎంత ఏటవాలంటే, మంచం దిగినవాడు వద్దన్నా కిటికీ దాకా పోతాడు. వేడినీళ్లు వాటికి బుద్ధి పుట్టినప్పుడు వస్తాయి. జనం వచ్చేది కింద ఉన్న పొయ్యి కోసం. ఐదు తరాలుగా అది ఆరలేదని ప్రతీతి. పగలంతా మెట్ట మీద తవ్వి ఎండబెట్టిన పీట్ అనే మండే మట్టి గడ్డలు వేయడం, రాత్రి నిప్పుల మీద నివురు కప్పడం, పొద్దున్నే ఊది లేపడం. ఆ హోటల్ నడిపేవాళ్లకు అదే పూజ.

అది ఆరడానికి ఇవాళే దొరికింది. మధ్యాహ్నం మిసెస్ హెబ్డన్ వస్తోంది.

ఆ భవనం ఆమెది. ఒంట్లో ఓపిక తగ్గాక, ఒక ఏడాది నడిపి చూడమని విల్ఫ్ దంపతులకు అప్పగించింది. "ఏడాది తిరిగాక వస్తాను. నచ్చితే నా డబ్బా మీ చేతిలో పెడతాను, హోటల్ మీదవుతుంది. నచ్చకపోతే మీ దారి మీది," అంది. ఆ తగరపు డబ్బా సంగతి ఊరందరికీ తెలుసు. లోపల ఏముందో మాత్రం ఒకరి తర్వాత ఒకరుగా దాన్ని అందుకున్న యజమానులకే తెలుసు. మొట్టమొదటి నిప్పు తాలూకు బొగ్గుముక్క ఉందని చర్చిలో గంటలు కొట్టేవాళ్లు ఒట్టేసి చెబుతారు. లీడ్స్‌లో ఉన్న ఇల్లు అమ్ముకుని వచ్చిన ఈ మొగుడూ పెళ్లాలకు వెనక్కి పోదామన్నా గూడు లేదు.

"ఇప్పుడేం చేద్దాం?" అంది నోరీన్.

"వంటింట్లోంచి లైటర్ పట్రా."

"అది మోసం కాదూ?"

"మోసమే. పట్రా."

చూసేవాళ్లెవరూ లేకపోవడం ఒక్కటే అదృష్టం. ఆ రాత్రి బస చేసింది పాక్లీ ఒక్కడే. ఫైర్ సర్వీసులో పనిచేసి రిటైరైన మనిషి. కాలిబాట వెంట మెట్టలు దాటుతూ, నిన్న చీకటి పడ్డాక వచ్చి దిగాడు. గది తాళం ఇస్తే తీసుకోకుండా, మంటలొస్తే ఏ తలుపులోంచి పోవాలో ముందు అడిగాడు. తెల్లారకముందే భోజనం పొట్లం పట్టుకుని మళ్లీ నడకకు పోయాడు.

మధ్యాహ్నానికి మంట బాగానే లేచింది. చూపులకు నిన్నటి నిప్పే. పిల్లి మాత్రం మోసపోలేదు. రోజూ పొయ్యిగట్టు మీదే పడి నిద్రపోయేది, ఇవాళ ఇంకా వేడెక్కని ఆ రాయి మీద ఒక కాలు పెట్టి చూసి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

మిసెస్ హెబ్డన్ వచ్చి పొయ్యి పక్కన కూర్చుంది. ఒళ్లో తగరపు డబ్బా. నోరీన్ టీ, పళ్ల కేకు, దాని మీదికి చీజు ముక్క తెచ్చి పెట్టింది.

"పిల్లి ఏదబ్బాయ్?"

"ఎలకల వెంట పడింది అమ్మగారూ."

"ఆ పిల్లా? ఎలక ఎదురొస్తే దారిచ్చే రకం కదా అది!"

విల్ఫ్ నవ్వాడు. నోరీన్ అవసరానికి మించి నవ్వింది. ముసలావిడ చెయ్యి చాపి, పొయ్యి వెనక రాతిగోడకు అరచెయ్యి ఆనించింది. చాలాసేపు తీయలేదు.

"ఏడాదిలో ఎప్పుడూ ఆరలేదు కదా?"

"లేదమ్మగారూ," అన్నాడు విల్ఫ్, ఆమె కళ్లలోకే చూస్తూ. "మీరు అప్పగించిన నిప్పే."

అప్పుడే పాక్లీ నడక నుంచి తిరిగొచ్చాడు. చేతులు కాచుకుంటూ మంట దగ్గర నిలబడ్డాడు.

"అన్నట్టు విల్ఫ్ గారూ, పొద్దున్న చెప్పడం కుదరలేదు. రాత్రి నీళ్లు తాగుదామని కిందికి వస్తే, బూడిద కింద నిప్పు అలాగే ఉంది. మరిచిపోయి పడుకున్నారనుకుని రెండు జగ్గుల నీళ్లు కుమ్మరించాను. ఇలాంటి పాత కొంప అంటుకుందంటే ఆర్పడం ఎవరి తరం? ఈసారి కాస్త జాగ్రత్త."

విల్ఫ్ తల దించుకున్నాడు.

"మంచి పని చేశావు నాయనా," అంది మిసెస్ హెబ్డన్. "పైకెళ్లి ఆ తడి బూట్లు విప్పుకో, జలుబు చేస్తుంది."

మెచ్చుకోలు దొరికిన పాక్లీ హుషారుగా మెట్లెక్కి పోయాడు.

"అబద్ధమాడాను అమ్మగారూ," అన్నాడు విల్ఫ్. "పొద్దున్న నేనే లైటర్‌తో వెలిగించాను. ఐదు తరాలు కాపాడింది నా చేతిలో పోయింది. మీరు పొమ్మంటే రేపే పోతాం."

నోరీన్‌కు ఏడుపు ఆగలేదు.

"కేకు మీద పడకుండా ఏడు, తల్లీ," అంది ముసలావిడ. "ముందు వెళ్లి ఆ తలుపు వేసి రా."

తలుపు పడ్డాక, డబ్బా తీసి విల్ఫ్ చేతుల్లో పెట్టింది.

"ఏడాదిగా నీకు దీంతో పనిపడలేదు. ఇవాళ పడింది. తియ్యి."

మూత తుప్పుపట్టి ఒక పట్టాన రాలేదు. విల్ఫ్ బొటనవేళ్లతో బలంగా నొక్కితే ఊడింది.

లోపల తరానికొకటి చొప్పున, వాడిన అగ్గిపెట్టెలు ఉన్నాయి.