అచ్చు అతికే చేతులు

తెగిన మెదడు పోగుల్లో ఏది దేనితో కలపాలో డాక్టర్లకు అంతుపట్టక, మగ్గాల మీద పాత పడుగు పోగుల కొసలకు కొత్త పోగులు మెలిపెట్టి అచ్చు అతికే ఆడవాళ్లను పిలిపించుకునే రోజులవి. ఆవేళ నాంచారమ్మ ముందు మంచం మీదున్నది సొంత అక్కే. వేళ్లకు బూడిద రాసుకుని, మంచం పైన గాలిలో వెలిగే అక్క మెదడు పోగుల్ని ఒక్కొక్కటే మెలిపెట్టింది. అతికిన కొద్దీ అక్కకు పేర్లు, ముఖాలు తిరిగొచ్చాయి.

“సుబ్బులు బడినుంచి వచ్చిందటే?” అంది అక్క, గుమ్మం వైపు మురిపెంగా చూస్తూ.

చివరి పోగు తాకగానే మాత్రం “కాలవ... నా బిడ్డ!” అని వణికింది. సుబ్బులు మునిగిపోయి ముప్ఫై ఏళ్లు. నాంచారమ్మ చప్పున వేళ్లు తీసేసింది.

“ఇదొక్కటీ వదిలేస్తాను డాక్టరమ్మా.”

“మీ ఇష్టం పెద్దమ్మా.”

నిజంగానే వదిలేద్దామనుకుంది. కానీ ఒక్క పోగు వదిలినా బట్టంతా గీత పడుతుందని నలభై ఏళ్లు భయపడ్డ వేళ్లు, ఆమె కళ్లు అక్క ముఖం మీదుండగానే, దాన్నీ మెలిపెట్టేశాయి.

అక్క గుమ్మం వైపు చూడడం మానేసింది.

“నీ చేతులు ఒక్క పోగూ వదలవు కదే,” అంది.