పులితో పులిజూదం

అడవిలో ఒక పులికి పులిజూదం పిచ్చి. బండ మీద గీతలు గీసి, తను గులకరాళ్లతో పులుల పక్షం ఆడేది. ఎదురుగా ఒక మేకని కూర్చోబెట్టి, చింతగింజలతో మేకల పక్షం ఆడించేది. రోజూ పులే గెలిచేది.

"మరీ చప్పగా ఉందయ్యా," అంది పులి, మంత్రి నక్కతో. "ఇది కాస్త గట్టిగా ఆడేలా ఏదైనా చెయ్యి."

నక్క మేకకి నాలుగు గింజలు ఎక్కువిచ్చింది. మేక ఓడిపోయింది. వంతు వచ్చినప్పుడల్లా రెండు ఎత్తులు వెయ్యనిచ్చింది. మేక ఇంకా త్వరగా ఓడిపోయింది.

నక్క దాన్ని పొదల చాటుకి తీసుకెళ్లి, "నీకసలు ఆట వచ్చా?" అని అడిగింది.

"వచ్చండి, మంత్రిగారూ. మా అన్న నేర్పాడు. పులులన్నిటినీ కదలకుండా కట్టేసేవాడు."

"మరి వాడొచ్చి ఆడొచ్చుగా?"

"వచ్చి ఆడాడండి. గెలిచాడు."

నక్క కాసేపు మేక వంక చూసింది. తర్వాత పులి దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడింది.

"ఏమిటట దాని జబ్బు?" అంది పులి.

"గింజలు చాలట్లేదు దొరా. ఇంకో నాలుగు ఇద్దాం."