మగ్గం సీటు

కొత్త సీటు మీద కూర్చోమంటే నేతగాడు ఓబుళప్ప కదల్లేదు.

డిజైనర్ సాయిసుధ సీటును మగ్గానికి ఇంకాస్త దగ్గరగా జరిపింది. మనిషిని కొలిచాకే వస్తువు చెయ్యాలనేది ఆమె పట్టుదల. ఆయన్ని కొలిచే ఈ సీటు చేయించింది. కుదిరితే ధర్మవరంలో ఆ వీధంతటికీ ఇవే.

చివరికి కూర్చున్నాడు. కాళ్లు మగ్గం కింది గుంతలోని తొక్కుడు చెక్కలకు సరిగ్గా అందాయి. కానీ పోగు చుట్టిన నాడెను పడుగులోంచి విసరబోతే చేతిలోంచి జారింది. మళ్లీ విసిరితే పట్టుపోగు తెగింది.

“సీటు కుదరలేదా?”

“సీటు బాగుండాది మేడమ్. నా చేతులే వణుకుతాండాయి. ఇప్పుడు నేసేది ఈమె.” తల వంచుకునే భార్య లక్ష్మీదేవమ్మను చూపించాడు.

ఆమె వచ్చి కూర్చుంది. పాదాలు చెక్కలకు అందక గాల్లోనే ఊగాయి.

“కొలతలు తీసిన రోజు మీరు లేరా అమ్మా?”

“ఈడనే ఉంటిని. మీకు టీ ఇచ్చింది నేనే.”