ఖాళీ మేకు

మణెమ్మ చేటలో రేషన్ బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. కళ్ళు మసకలు. చూసి కాదు, వేళ్ళతో తడిమి ఏరుతోంది.

వాకిట్లో బండి ఆగిన చప్పుడైంది. ఆమె తల ఎత్తి గోడ వైపు చూసింది. మేకు ఖాళీగానే ఉంది. మళ్ళీ చేటలో చెయ్యి పెట్టింది.

"మణెమ్మ ఇల్లు ఇదేనా?"

వచ్చినవాడు దామోదర్. ఎమ్మెల్యే ఆఫీసులో పింఛన్ల పని చూస్తాడు. పలమనేరు నుంచి పుంగనూరుకు ఈమధ్యే వచ్చాడు. వచ్చిన కొద్ది రోజులకే, 'రేపు రా' అనని మనిషని పేరు తెచ్చుకున్నాడు.

లోపలికి వస్తూనే హెల్మెట్ ఎక్కడ పెట్టాలా అని చూసి, ఆ మేకుకు తగిలించాడు.

గోడ వారన చాప మీద జాకబ్ ఒక పక్కకు ఒరిగి కూర్చున్నాడు. మదనపల్లె టమోటా మార్కెట్లో లారీ మీద నుంచి పడ్డప్పటి నుంచి ఆయన కూర్చోవడం అలాగే. కర్ర పట్టుకుంటే నడుస్తాడు. టమోటా పెట్టె మాట దేవుడెరుగు, కడవెడు నీళ్ళు కూడా ఎత్తలేడు.

"ఆ పొద్దు ఆఫీసులో నువ్వు సెప్పింది ఈ అన్న గురించేనా, అమ్మా?" అన్నాడు దామోదర్.

"అవునప్పా."

"వికలాంగుల క్యాంపుకు పోలేదా?"

"పోయినాడు. ముప్పై అయిదు శాతమని రాసినారు. నలభై ఉంటేనే పింఛనంట."

"ఇంకొంచెం ఎత్తు నించి పడుండాల్సింది," అన్నాడు జాకబ్. "అంత తెలివి నాకు యాడుండాది?"

దామోదర్ నవ్వబోయి మానుకున్నాడు.

పోయిన శుక్రవారం మణెమ్మ ఆఫీసుకు వెళ్ళింది ఆ పని మీదే. ఉపవాస ప్రార్థన నుంచి నేరుగా వెళ్ళింది, తెల్లచీరలో. ఇంట్లో నడుము విరిగిన మనిషి ఉన్నాడని చెప్పబోతుంటే, దామోదర్ చూపు ఆమె బోసి నుదుటి మీద, బోసి మెడ మీద నిలిచింది.

"అది మన చేతిలో లేదమ్మా. నీ సంగతి చెప్పు. మొగుడు వదిలేసి పోయినాడా?"

మణెమ్మ తల దించుకుంది.

"అయితే ఒంటరి మహిళల పింఛను కింద పెడదాం. సోమవారం ఇంటికొచ్చి సూస్తా. అది నేను చేయిస్తా."

తిరిగిన ఆఫీసులన్నింటిలో 'చేయిస్తా' అన్న మాట ఆమె వినడం అదే మొదలు. తల ఎత్తలేదు.

మార్కెట్లో కాయలు ఏరే పనికి ఈ ఏడు ఆమెను పిలవలేదు. పచ్చికాయకూ పండుకూ తేడా తెలియడం లేదన్నారు. ఈ పింఛను రాకుంటే ఇద్దరికీ చేటలోని బియ్యమే గతి. అవీ నెలాఖరు దాకా రావు.

"ఇంతకీ ఈ అన్న నీకేమవుతాడమ్మా?" అన్నాడు దామోదర్.

చేటలో వేళ్ళు ఆగిపోయాయి.

జాకబ్ గొంతు సవరించుకున్నాడు. "నా చెల్లెలు," అన్నాడు.

"మంచిదాయె. పుట్టింటి తట్టు మనిషి చెప్తే మా సారు నమ్ముతాడు." దామోదర్ ఫోన్ తీసి జాకబ్ ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు. "ఈడ సూసి సెప్పన్నా. ఈయమ్మ మొగుడు యాడుండాడు?"

"లేడప్పా."

"ఎట్లాంటోడు? తాగుబోతా?"

"తాగేటోడైతే ఎప్పుడో ఒకనాడు మానుతాడని ఆశన్నా ఉండేది. చేతకానోడు. కట్టుకున్నదానికి ఇంత కూడు పెట్టలేకపాయె."

"అట్లా అనొద్దు," అంది మణెమ్మ, నేల చూస్తూ.

"యాలమ్మా, అట్లాంటోణ్ణి ఇంకా ఎనకేసుకొస్తావు?" దామోదర్ నిజంగానే కోప్పడ్డాడు. "ఆడదాన్ని ఇట్లా గాలికొదిలేసి పోయినోడికి పురుగులు పడతాయి."

"పడినాయిలే," అన్నాడు జాకబ్.

పక్కింటి రాజమ్మ చీపురు చేతిలో పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. దామోదర్ ఫోన్ అటు తిప్పాడు.

"నువ్వు సెప్పక్కా. ఈయమ్మ మొగుడు వచ్చిపోతాంటాడా?"

రాజమ్మ మణెమ్మ వైపు చూసింది. కొంగుతో మూతి తుడుచుకుంది. "వచ్చేదీ లేదు, పొయ్యేదీ లేదప్పా," అని, పొయ్యి మీద పాలున్నాయంటూ వెళ్ళిపోయింది.

దామోదర్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"నా పని అయిపాయె. వచ్చే నెల నించి ఒకటో తేదీన ఇంటికే తెచ్చిస్తారు. ఒక్కటి మాత్రం గుర్తు పెట్టుకోమ్మా. సచివాలయమోళ్ళు చెప్పకుండా వచ్చి సూస్తాంటారు. మొగుడు మళ్ళా ఈ ఇంట్లో కనబడినాడంటే పింఛను కట్. నీ మీద కేసు. నా ఉద్యోగమూ పోతాది."

మణెమ్మ చేటను పక్కకు నెట్టింది.

"కనబడడు," అన్నాడు జాకబ్. "ఆ పూచీ నాది."

దామోదర్ వంగి ఆయన భుజం తట్టాడు. "నీలాంటి తోడబుట్టినోడు ఉండేది ఆమె అదృష్టమన్నా," అన్నాడు. హెల్మెట్ తీసుకుని వెళ్ళిపోయాడు.

బండి చప్పుడు సందు చివర దూరమైంది.

"గంజి కాంచనా?" అంది మణెమ్మ. ఆమె చేట దగ్గరికి లాక్కుని, ఏరేసిన బియ్యమే మళ్ళీ ఏరసాగింది.

జాకబ్ కర్ర ఊతంగా లేచి, పొద్దున ఆమె ఆ మేకు నుంచి తీసి బియ్యం డబ్బా వెనక దాచిన పెళ్ళి ఫోటోను అందుకుని, అందులో తెల్లచీర మణెమ్మ పక్కన కోటు వేసుకుని నిలబడ్డ తన ముఖాన్ని ఒకసారి చూసుకుని, దాన్ని చంకలో పెట్టుకుని, గడప దాటి వెళ్ళిపోయాడు.