ఐదో కేసు

“భయం ఎంత తాతా?” అని అడిగింది భాను.

వెంకటప్పయ్య వంతెన వైపు చూశాడు. భాను వైపు చూశాడు.

“ఎనభై ఉంటది బిడ్డా” అన్నాడు.

భాను రాసుకుంది. సున్నా అంటే భయం లేదు. వంద అంటే ప్రాణం పోయేంత. ఎనభై దగ్గర మొదలైన అంకెను ఆరు వారాల్లో కిందికి దించాలి.

భానుది క్లినికల్ సైకాలజీ పీజీ, రెండో ఏడాది. ఆర్నెల్లుగా సారపాకలో ఒక క్లినిక్‌లో శిక్షణ. పట్టా చేతికి రావాలంటే ఐదు కేసులు నయం చేసి చూపాలి. నాలుగు అయ్యాయి. ఐదోది తప్పితే ఇంకో ఆర్నెల్లు చదవాలి. ఈ కేసును గైడు సుబ్బరత్నం మేడం స్వయంగా ఇచ్చారు. ఇది నువ్వే చేయాలి, ఇంకెవరికీ ఇవ్వను అన్నారు.

పేషెంటుకు అరవై నాలుగేళ్లు. ఒక ఏడు వరదలప్పుడు గోదావరి వంతెన మీద నిలబడి కిందికి చూశాడట. ఆనాటి నుంచి మళ్లీ వంతెన ఎక్కలేదట. కూతురు అవతల భద్రాచలంలోనే ఉన్నా, ఆమే ఇటు వచ్చి చూసి పోతుందట.

దీనికి చికిత్స ఒకటే. భయపడే చోటుకే మనిషిని మెట్టుమెట్టుగా తీసుకెళ్లాలి. మొదటి వారం వంతెన మొదట్లో నిలబడాలి. రెండో వారం మూడో దీపస్తంభం దాకా నడవాలి. అలా పెంచుకుంటూ ఆరో వారానికి అవతలి గట్టు చేరాలి. ప్రతి మెట్టూ ముందు చికిత్స చేసేవాళ్లు ఎక్కి చూపాలి. తర్వాతే పేషెంటు ఎక్కాలి. అది నియమం.

ఆ నియమం వెంకటప్పయ్యకు తెగ నచ్చింది.

“నువ్వు ముందు నడువు బిడ్డా. నీకేం గాకపోతే నేనొస్త.”

భాను నడిచేది. అదీ వెనక్కి నడిచేది. పేషెంటు ముఖం మీది నుంచి చూపు తిప్పకూడదని ఆమె పట్టుదల. తను నీళ్ల వైపు చూస్తే ఆయనా చూస్తాడని ఆమె భయం.

ప్రతి స్తంభం దగ్గరా వెంకటప్పయ్య ఆగి కడ్డీ పట్టుకునేవాడు. కాళ్లు వణుకుతున్నాయనేవాడు. లారీ పోతే వంతెన అదిరేది. ఇద్దరూ ఆగిపోయేవారు. బస్సులతో ఇంకో బాధ. ప్రతి డ్రైవరూ పక్కకొచ్చి హారన్ కొట్టి, నవ్వి మరీ పోయేవాడు. వెంకటప్పయ్య ముఖం తిప్పుకునేవాడు. భాను ఆ బస్సుల వెంట తిట్లు పంపేది. భయపడే మనిషిని చూసి నవ్వేవాళ్లకు ఏ చికిత్స చేయాలో ఆమె పుస్తకాల్లో లేదు.

“భయం ఎంత?”

ఆయన ఆమెను ఎగాదిగా చూసేవాడు.

“డెబ్బై అయిదు. నీకెంత బిడ్డా?”

“నాది కాదు తాతా, నీది చెప్పాలె.”

“ఒక్కణ్నే చెప్పాల్నంటే సిగ్గయితది. నువ్వు గూడ చెప్పు.”

ఆయన్ని బుజ్జగించడానికి భాను కూడా నోటికొచ్చిన అంకె చెప్పేది.

నాలుగో వారానికి సగం వంతెన అయింది. ఆ ఆదివారం హాస్టల్లో తోటి విద్యార్థిని హర్షిత రాములవారి గుడికి రమ్మని పిలిచింది. ఆర్నెల్లలో అది ఏడోసారి పిలవడం. ఏడోసారి కూడా భానుకు రిపోర్టు రాసే పని పడింది. ఇంత చదువుపిచ్చి ఎవరికీ ఉండదని దెప్పి హర్షిత వెళ్లిపోయింది.

ఐదో వారమంతా వాన. అడుగు ముందుకు పడలేదు.

ఆరో వారం గురువారం వచ్చింది. మర్నాడు రిపోర్టు ఇవ్వాలి. సరిగ్గా నడిమధ్యన వెంకటప్పయ్య కూలబడ్డాడు.

“నాతోని కాదు బిడ్డా.”

“ఇంత దూరం వచ్చినం గద తాతా.”

“ఈడికెల్లి అటు పోయినా అంతే, ఇటు పోయినా అంతే. ఎటు పోవాల్నో నువ్వే చెప్పు. నువ్వెటు పోతే అటొస్త.”

భాను సారపాక వైపు చూసింది. భద్రాచలం వైపు చూసింది. తనూ కడ్డీ పట్టుకుంది. పట్టా గుర్తొచ్చింది. ఆయన చెయ్యి పట్టుకుని లేపింది.

“అటే” అంది.

ఈసారి వెనక్కి నడవలేదు. ముఖం ముందుకు పెట్టి నడిచింది. లారీ పోయింది, ఆగలేదు. బస్సు హారన్ కొట్టింది, తిట్టలేదు. కాసేపటికి ఆయన చెయ్యి వదిలేసింది. ముసలోణ్ని, మెల్లగా పొమ్మని ఆయన వెనక నుంచి అరుస్తున్నాడు. చివరి మూడు స్తంభాలూ పరుగే.

అవతలి గట్టున భాను గంతేసింది. నవ్వింది. ఏడ్చింది. మళ్లీ నవ్వింది. తాత వంతెన దాటిండని అక్కడున్న ఆటోవాళ్లందరికీ చెప్పింది. వాళ్లు వెంకటప్పయ్యను చూసి ఈలలు వేశారు.

ఒక్కసారి దాటితే చాలదు, ఫలితం నిలవాలి. మళ్లీ దాటుదామంటే ఆయన మోకాళ్లు పట్టేశాయన్నాడు. నియమం ప్రకారం ముందు తనే చూపాలి కాబట్టి భాను ఒక్కతే సారపాక దాకా వెళ్లొచ్చింది. ఆగకుండా ఇంకోసారి వెళ్లొచ్చింది. ఈసారి నడుమ నిలబడి కిందికి వంగి గోదావరిని చూసింది. చేపల పడవకు చెయ్యి ఊపింది.

తిరిగొచ్చేసరికి వెంకటప్పయ్య టీ కొట్టు బల్ల మీద ఉన్నాడు. కొట్టతను ఏమీ అడక్కుండానే చక్కెర లేని టీ తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

“భయం ఎంత తాతా?”

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. తొందరపడలేదు. టీ ఒక గుక్క తాగాడు.

“సున్నా.”

భాను రాసుకుంది. సంతకం పెట్టించుకుంది. కూతురింట్లో దిగబెడతానంటే, దారి అడుక్కుంటూ పోతాలే, నువ్వు గుడికి పొమ్మన్నాడు. ఆమె దాదాపు ఎగురుకుంటూ గుడి దారి పట్టింది.

ఆమె మలుపు తిరగగానే, ఆ వంతెన మీద ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపి రిటైరైన వెంకటప్పయ్య సుబ్బరత్నం మేడంకు ఫోన్ చేసి, “మీ పేషెంటు దాటింది మేడం, ఒక్కసారి గాదు, అయిదుసార్లు” అన్నాడు.