చెయ్యి చూసి నడుపు

యుద్ధపు ఓడ ముందు తలుపులు తెరుచుకున్నాయి. హార్లన్ బుల్‌డోజరును నీళ్లలోకి దించాడు. ఆ పసిఫిక్ దీవి ఒడ్డు దాకా నీటి అడుగున బాంబులు తవ్విన గుంటలే. ఒక్కదాంట్లో పడినా అతనూ మునుగుతాడు, వెనక యంత్రాలకు దారీ మూసుకుపోతుంది.

అందుకే డెల్బర్ట్ ముందు నడుస్తున్నాడు. లైఫ్ బెల్టు కట్టుకుని, ఛాతీ లోతు నీళ్లలో, మొహం యంత్రం వైపు, వీపు ఒడ్డు వైపు. మడమలతో నేల వెతుక్కుంటూ చెయ్యెత్తి పిలుస్తాడు.

"నా మొహం చూడకు, చెయ్యి చూడు," అన్నాడు దిగేముందు.

పొగ కమ్ముకుంది. చెయ్యి ఎటు ఊగితే హార్లన్ అటు తిప్పాడు.

"ఒరే ముసలోడా, మీ ఆవిణ్ణి కూడా ఇలాగే పిలుస్తావా?"

చెయ్యి మళ్లీ "రా, రా" అంది.

యంత్రం ఇసుక ఎక్కింది. హార్లన్ కిందికి దూకాడు. "ఒక్క గుంటా తగల్లేదురా! లే, సిగరెట్టిస్తా."

డెల్బర్ట్ అలల్లో వెల్లకిలా తేలుతున్నాడు. ఎత్తిన చెయ్యి బెల్టు తాడులో చిక్కుకుని ఉంది. యంత్రం వెనకే నడిచొచ్చిన వైద్య సిపాయి అతని భుజం ఎత్తి చూశాడు. వీపులో తూటా గాయం.

"ఓడ తలుపు దగ్గరే తగిలిందయ్యా. అప్పుడే పోయాడు. నీ వెనక అరుస్తూనే ఉన్నా, ఇంజను మోతలో నువ్వు విన్లేదు."

హార్లన్ వెనక్కి చూశాడు. మిగతా యంత్రాలూ ఆ చెయ్యినే చూసుకుంటూ వరుసగా వస్తున్నాయి.

అలకు డెల్బర్ట్ చెయ్యి కుడికి ఊగింది. దూరంగా, పొగలో, ఆఖరి యంత్రం కుడికి తిరిగింది.