నలభై ఏడో సీసా

"సున్నా ఏంటమ్మా, సున్నా?" మహీధర్ కాగితాన్ని బల్ల మీదకి విసిరాడు. "నలభై ఏడో సీసాలో నాకు మూడొందల పన్నెండు వచ్చాయి."

రూపవతి కళ్లు నులుముకుంది. పొద్దుట్నుంచీ మైక్రోస్కోపు ముందే కూర్చుని మెడ పట్టేసింది.

"ఒక్కటి కూడా లేదండీ. మూడుసార్లు చూశా."

కేంబ్రిడ్జ్‌లోని ఆ ల్యాబ్‌కి అంటార్కిటికా సముద్రం నుంచి సీసాలు వస్తాయి. ఒక్కో సీసాలో ఒక్కో చోట వల వేసి పట్టిన క్రిల్. తిమింగలాలకి తిండయ్యే చిట్టి రొయ్యలవి. ఒకే సీసాని ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టాలి. రెండు లెక్కలూ దగ్గర దగ్గరగా ఉంటేనే రిపోర్టుకి ఎక్కుతాయి. వచ్చే సీజన్‌లో ఓడలు ఎంత పట్టొచ్చో ఆ రిపోర్టు చూసే తేలుస్తారు.

మహీధర్ పదకొండేళ్లుగా లెక్కపెడుతున్నాడు. రూపవతి చేరి మూడు నెలలు. ప్రొబేషన్ ఇవాళ్టితో సరి. పర్మనెంట్ చేస్తూ లెటర్ ఇస్తేనే ఆమె ఆ దేశంలోనే స్థిరపడేందుకు పీఆర్‌కి అప్లై చేయగలదు. ఆ లెటర్ మీద సంతకం మహీధర్‌దే.

"జల్లెడ పట్టేటప్పుడు సింకులో ఒలకబోశావేమో?"

"లేదండీ. ఒట్టు."

"అయితే నేను అబద్ధమాడుతున్నానా?"

"అయ్యో, అలా అన్లేదండీ. కానీ అక్కడ నిజంగా లేకపోతే? ఉన్నాయని రాస్తే ఓడలొచ్చి మిగిలిన కాస్తా ఊడ్చుకుపోతాయి కదా."

"తిమింగలం వచ్చి నీ లెటర్ మీద సంతకం పెడుతుందా?"

రూపవతి బల్ల మీది కాగితాన్ని దగ్గరికి లాక్కుంది.

"లెక్కల్లో తేడా వస్తే ఆడిట్ పిలవాలి. అది తేలేదాకా నీ లెటర్ ఆగుద్ది. వర్క్ పర్మిట్ ఎప్పటిదాకా ఉంది?"

"వచ్చే నెల పదో తారీఖు."

"బస్సు ఎన్నింటికి?"

"అయిదూ పదికండీ."

"అయిదయింది" అన్నాడు మహీధర్, కిటికీలోంచి పార్కింగులో పడుతున్న మంచుని చూస్తూ.

రూపవతి మళ్లీ మైక్రోస్కోపులోకి వంగింది. క్రిల్ ఒళ్లు ఎంత పాలిపోయినా నల్లటి కళ్లు మాత్రం మిరియపు గింజల్లా కనిపిస్తాయి. ఇందులో ఒక్క చుక్క లేదు. ఇవాళ ఈ సీసా మూత తీసినప్పుడు, క్రిల్ కుళ్లకుండా పోసే ఫార్మలిన్ ఘాటు కూడా ముక్కుకి తగల్లేదు. మూడు నెలల్లో ముక్కు మొద్దుబారిపోయింది. కళ్లు కూడా అలాగే అయ్యాయేమో. పదకొండేళ్ల మనిషి లెక్క తప్పుతాడా?

సున్నా కొట్టేసింది. పక్కన మూడొందల అయిదు అని రాసి సంతకం పెట్టింది.

"చాలాండీ?"

మహీధర్ కాగితాన్ని చాలాసేపు చూశాడు. సొరుగు తెరిచాడు. అందులో అప్పటికే ఉన్న ఆరు కాగితాల మీద దాన్ని పెట్టి సొరుగు మూశాడు.

"నువ్వు ఏడోదానివమ్మా. రేపట్నుంచి రావద్దు."

రూపవతి కుర్చీలోంచి లేచింది.

"అదేంటండీ! మీరు చెప్పిన లెక్కే కదా వేశాను!"

మహీధర్ కోటు తొడుక్కున్నాడు. అతని గొంతులో కోపం లేదు. అలుపే ఉంది.

"ఆ సీసాలో పొద్దున ఉత్త ఉప్పునీళ్లు పోసి పెట్టింది నేనే."